సినిమాల నా దగ్గు

ఏంది బిడ్డా, గీ అంగి గుండీ కాడ పెడ్తున్నవ్? మైకా? గింతంతదా? మంచిగనే ఉన్నది, గుండీ ఊడిపోతె దీన్నే పెట్టి కుట్టేయొచ్చు. పెట్టు, పెట్టు. గని ముందుగాల ఒక్క మాట. నాకు గొప్పలు జెప్పుకునే అలవాటు లేదు, అది చిన్నప్పటి సంది నాకున్న మంచి గుణం. సినిమాల నా దగ్గున్నది. ఔ, దగ్గే. ఖాసీ. మద్రాసోళ్ళు తీసిన పెద్ద సినిమాల. మరి ఉన్నదని ఊరంత జెప్పుకున్ననా? మా ఇంటికొచ్చినోళ్ళకు తప్ప ఎవ్వరికీ జెప్పలే. రానోళ్ళుంటరు, ఆళ్ళకెట్ల ఎర్కైతది పాపం అని ఆళ్ళిండ్లకు నేనే పోయి జెప్పొచ్చిన. దాన్ని గొప్ప అనరు, మర్యాద అంటరు. మా ఇంటామె భాగమ్మ ఉన్నన్నాళ్ళు అంటుండె, అనంతగిరి టీబీ దవాఖానల ఇంతమంది పండుకొని దగ్గుతరు, ఒక్కడన్న నీ లెక్క మురుస్తడా అని. ఆమెకు కళల గురించి ఏం ఎర్క.

నువ్వొచ్చింది నా దగ్గు కోసం గాదు, మీ నానీ ఖుర్షీద్ వాళ్ళన్న ఇమాముద్దీన్ కోసం, అది నాకు ఎర్కనే. నువ్వు పట్నంల గదే సదువు సదువుతున్నవట, సినిమాలకు సౌండు పట్టే సదువు. దానికి గూడ కాలేజీ ఉంటదా? ఫీజు గట్టి సప్పుడు ఇనుడు నేర్సుకుంటరా? ఇమాముద్దీన్‌కు ఏ కాలేజీ లేకుండె. నాకు గూడ లేకుండె అనుకో, నేను తెల్గు సద్వుడు సొంతంగ నేర్సుకున్న. గుండీలు గట్టుకొచ్చిన కాయిదాలు, క్యాలెండర్లు, దుకాన్ల బోర్డులు, గిట్ల. అందుకే రాసింది ఏదైన సద్వుత, గని అందుల సగం మాటలు ఎవ్వరి నోట్లకెళ్ళి ఇనలే. ఈ సంగతి యాదిల పెట్టుకో, ఇది మల్ల అక్కరకొస్తది. వికారాబాద్ టేషన్ రోడ్డు మీద నాది బట్టలు కుట్టే దుకాణం, ఆనుకోని ఇమాముద్దీన్‌ది మైకు సెట్టు దుకాణం. పెండ్లిళ్ళకు, ఉర్సుకు, జాతరకు కిరాయికిచ్చేటోడు. నాకంటె జర చిన్నోడు, ఉర్దూల సదివినోడు, పల్చటి మనిషి, మాట గూడ పల్చన. మైకుల దుకాణం పెట్టుకొని గింత తక్కువ మాట్లాడెటోన్ని నేను జూడలే. ఆ తక్కువైనయన్ని నేను మాట్లాడేటోన్ని. ఒక్క వింత మాత్రం ఉండె ఆయనతాన. రోడ్డు మీదికెళ్ళి గొర్ల మంద పోతె సాలు, పెట్టిన రికార్డు సప్పుడు పెంచేటోడు. మా మిషన్ మీద కత్తెర ఎగిరేటట్టు పెంచేటోడు. మంద దాటిపోయినంక తగ్గించేటోడు. గొర్లకు పాటలు ఇనిపిస్తున్నవా అని నేను నవ్వేటోన్ని. ఆయన నవ్వకపోయేది.

యాభై తొమ్మిదో అరవయ్యో, మద్రాసుకెళ్ళి సినిమా వాళ్ళు అనంతగిరికొచ్చిండ్రు. ఊరు ఊరంత గుట్టెక్కింది. ఆళ్ళ సౌండు పట్టే ఆయన పేరు రంగనాయకులు, మేమంత సౌండు సాబ్ అంటుంటిమి. ఆయన పని మనిషికి జరమొచ్చి పండుకుంటె, వైర్లు ఎర్కున్నోడు ఎవరన్నా ఉన్నడా అని అడిగి ఇమాముద్దీన్‌ను తోల్కపోయిండ్రు. పొడుగు కట్టె కొసకు మైకు గట్టి, నెత్తి మీదికి ఎత్తి పట్టుకొని, మాట్లాడేటోళ్ళ మీద ఆడిపిచ్చుడు పని. చెవులకు రెండు డబ్బాలు పెట్టుకునుడు. నువ్వు నవ్వకు, ఇప్పుడు మీకవి ముద్దుగ రంగురంగులవి ఉన్నయి, అప్పటివి పెట్టుకుంటె మనిషి మెడ ఒంగేది. మొదటి దినం ఇంటికొచ్చి నాతోని అంటడు, ఈరన్నా, హీరోయిన్ కడుపు ఆకలితోని గుర్రుమన్నది, అంతమందిల నాకొక్కనికే ఇనవడ్డది, నాకు సిగ్గైంది అని. ఆ సౌండు సాబ్ మంచి గురువు. కూసోవెట్టి ఏం ఇనవడ్తుందో జెప్పు అనేటోడట. మాటలు ఇనవడ్తున్నయి అంటె, ఇంక అనేటోడట. గాలి అంటె, ఏ గాలి, చెట్టుదా గడ్డిదా అనేటోడట. నాతాన గూడ ఇమాముద్దీన్ అదే అడుగుడు వెట్టిండు, నీ కత్తెర పొద్దుగాల ఒక తీరు కోస్తది పగటీలి ఒక తీరు కోస్తది ఈరన్నా అని. పగటీలి నాకు నిద్రొస్తది, అందుకు. అది ఆయనకు జెప్పలే. సౌండు సాబ్ చెప్పిన ఒక్క మాట మాత్రం ఆయన దినానికొకసారి అనేటోడు, ఆ సాబ్ గొంతుతోనే, ఆ కోస్తా తెల్గుల. చూడవయ్యా, చెవి అబద్ధాలాడుతుంది, తనకు కావలసిందే వింటుంది. మైకుకు ఏమీ అక్కర్లేదు, అందుకే అన్నీ వింటుంది, అని. నేను అదేదో పని మాట అనుకున్న. ఆ మాట ఆయన్ని ఎక్కడ వట్టుకున్నదో నాకు తర్వాత ఎర్కైంది.

అసలు ముచ్చట ఇగ ఇక్కడ. గా సినిమాల ఒక సీనుండె. మొగడు ఎటు వోయిండో తెల్వని ఆడామె, పాత రాతి ఇంట్ల ఒక్కతే కూసుంటది. మాట లేదు, పాట లేదు, ఊకె కూసునుడే. ఒకనాడు మాపటేల ఇమాముద్దీన్ ఉరుకొచ్చిండు నా దుకాణంలకు. ఎప్పుడు ఉరకడు ఆ మనిషి. సౌండు సాబ్ ఒక పని జెప్పిండు, అది మంచిగ జేస్తె మద్రాస్ తోల్కపోత అన్నడు, గని పని ఏందో నాకు సమజ్ అయితలేదు, నీకు తెల్గొస్తది గదా అన్నడు. ఏమన్నడో ఉన్నదున్నట్టు జెప్పు అన్న. ఆయన మల్ల సాబ్ గొంతు వెట్టి జెప్పిండు. మీ తాండూరు వైపు, ఆ రాళ్ళ మధ్య ఎక్కడైనా, మంచి... ఆ మంచి తర్వాత మాట నాలిక మీద జారింది ఆయనకు. ఏందది మల్ల అను అన్న. నీ శబ్దం, అన్నడు. మంచి నీ శబ్దం పట్టుకురావయ్యా, అన్నడట. ఇగ నా పాండిత్యం జూడు. కత్తెర పక్కకు పెట్టి, కండ్లద్దాలు జర కిందికి జార్చి, పంతులు లెక్క జెప్పిన. నీ అంటె తేరా. శబ్దం అంటె ఆవాజ్. తేరీ ఆవాజ్. మీ సాబ్ నీ ఆవాజ్ పట్కరమ్మన్నడు, రాళ్ళ నడ్మ ఉన్నదట. నిశ్శబ్దం అనే మాట నేను సద్వలే అనుకోకు. సదివిన. శ కింద ఇంకో శ వేలాడుతుంటది, మంచిగ యాదున్నది. గని ఎవ్వరన్న అంటె ఇనలే. వికారాబాద్‌ల ఎవరంటరు బిడ్డా ఆ మాట? మనం సప్పుడు జెయ్యకు అంటం, అయిపాయె. మాట అచ్చుల ఒక తీరు, నోట్ల ఒక తీరు ఉంటదని నాకేమెర్క.

నేనట్ల అర్థం జెప్పంగనే ఆయన మొకం సుద్దముక్క లెక్క తెల్లగైంది. నేను బట్ట మీద గీతలు గీసే సుద్ద ఉంటది జూడు, గట్ల. బట్టలు కత్తిరించే బల్ల మీద కూసున్నడు, ఎన్నడు కూసోడు దాని మీద. ఆయనకెట్ల ఎర్క ఈరన్నా అన్నడు. రాళ్ళ నడ్మ నా ఆవాజ్ ఉన్నదని ఆయనకెవరు జెప్పిండ్రు, నేనైతె ఎవ్వరికీ జెప్పలే, అమ్మీ గూడ ఎవ్వరికీ జెప్పలే అన్నడు. అంతదాంక నాకు గూడ తెల్వదు. పక్కపక్కకే ఇన్నేండ్లు కూసున్నం, ఆళ్ళు తాండూరుకెళ్ళి వికారాబాద్ ఎందుకొచ్చిండ్రో నేనడగలే, ఆయన జెప్పలే. అడుగనిది నేను ఆయన్నొక్కన్నే అనుకుంట ఈ లోకంల. ఆనాడు ఆయనే జెప్పిండు.

పోలీస్ యాక్షన్ దినాలు. ఎవరు ఎవర్ని ఏం జేసిండ్రన్నది ఒద్దు, అది నా నోటితోని తీరేది గాదు. ఇమాముద్దీన్ వాళ్ళ నాయిన అజమత్ తాండూరుల బండలు గొట్టేటోడు. పొద్దు పొడిస్తె సాలు ఆ ఊర్ల సుత్తుల సప్పుడే. దాంట్లనే పుట్టినోళ్ళకు అది ఇనవడది, మనకు మన ఊపిరి ఇనవడనట్టు. సుత్తులు బంద్ వడ్డ దినం ఊరంత చెవులు నిక్కవొడుసుకున్నదట. ఆ దినం అజమత్ పెండ్లాన్ని, పోరగాన్ని, చంటిపిల్లను ఒక పాత బండల గుంతలకు తోల్కపోయి, అండ్ల బండలు నిలవెట్టి మీద బండ కప్పిన కొట్టంల దాచిండు. నేను పక్కూరికి పోయి మా అమ్మను తోల్కొస్త, నేనొచ్చి పేరు వెట్టి పిలిచేదాంక బయటికి రావొద్దు, ఎవ్వరు పిలిచినా రావొద్దు అని జెప్పి పోయిండు. ఆ చంటిపిల్ల మీ నానీ ఖుర్షీదే. తల్లి రహీమాబీకి భయంతోని పాలు ఎండిపోయినయి, పిల్ల ఏడ్సుడు వెట్టింది. మీద బాట వడి గుంపులు పోతున్నయి. ఆ గుంత పక్కన గొర్లు కాసే దేవప్ప అని ఒకాయన ఉండె, సరిహద్దు దిక్కోడు, సగం కన్నడం సగం తెల్గు. ఆయన పిల్ల ఏడ్పు ఇన్నడు. ఇని ఏం జేసిండు? ఎవ్వరితోని ఏం మాట్లాడలే. మందను మొత్తం గుంతలకు దింపి, గొర్రెపిల్లలను ఒక దిక్కు కంపల ఎనక, తల్లులను ఇంకో దిక్కు తోలిండు. ఎడబాస్తె ఏమైతదో నువ్వు జూడలే. పిల్లలు తల్లుల కోసం, తల్లులు పిల్లల కోసం, ఒక్కటే అరుసుడు. సుట్టు రాతి గోడలాయె, ఒక్క అరుపు పదిసార్లు తిరిగొస్తది. అండ్ల ఒక మనిషి పిల్ల ఏడ్పు ఎవరికి ఇనవడతది? గుంపులు పైకెళ్ళి పోయినయి. ఎవ్వరూ కిందికి దిగలే. ఆ గొర్రెపిల్లలు ఏడ్వకుంటె మీ నానీ లేదు, మీ అమ్మ లేదు, నువ్వు లేవు, నా గుండీకి ఈ మైకూ లేదు.

ఆగు, అయిపోలే. ఆ గోలల, బండ కింద కూసున్న ఇమాముద్దీన్‌కు ఏదో ఇనవడ్డది. ఇమా... అని సాగదీసి పిలిచినట్టు. గొర్రెపిల్ల మే అంటదా, ఇమా అంటదా, ఆ గోడల నడ్మ ఎట్ల తెలుస్తది? లేసి నిలవడ్డడు. రహీమాబీ అంగి పట్టి గుంజి కూసోవెట్టింది. చుప్. ఆవాజ్ నక్కో. అంతే. ఇంకోసారి ఇనవళ్ళే. పొద్దుగూకినంక దేవప్ప దిగొచ్చి జెప్పిండట. గుంత అంచు మీద ఒక మనిషి నిలవడ్డడు అమ్మా, ఎండ ఎదురుంగ ఉండె, మొకం నల్లగ కనవడ్డది. రెండు చేతులు నోటికి పెట్టుకున్నడు. కొట్టం దిక్కు జూసిండు, గొర్ల దిక్కు జూసిండు, రైలుపట్టాల దిక్కు పోయిండు. వాండ్లల్ల ఒకడనుకొని నేను మందను ఇంక అదిలిచ్చిన, అన్నడు. రహీమాబీ ఒక్కటే అడిగిందట, రుమాలు ఏ రంగు అని. పచ్చది అన్నడు దేవప్ప. అజమత్ నెత్తికి సుట్టుకొని పోయింది గదే రంగు. అజమత్‌ను వాడీ టేషన్ కాడ జూసినం అని కొందరన్నరు, అటు ఎవరూ రాలే అని కొందరన్నరు. ఆయనకు గోరీ గూడ లేదు బిడ్డా. ఇగ ఆ పోరడు అప్పటి సంది ఏ గొర్రె అరిసినా తన పేరే ఇన్నడు. నేను జూసి నవ్విన రికార్డు సప్పుడు దానికోసం.

ఇప్పుడు నీకు సమజ్ అయింది గదా, నీ శబ్దం అని నేను జెప్పంగనే ఆయన ఏం ఇన్నడో. మద్రాసు సంగతి పక్కకు పెట్టు ఈరన్నా అన్నడు. నా చెవి అబద్ధమాడిందేమో, మైకు ఆడది. అదే గుంతల, అదే బండ కింద మైకు పెడ్త. దేవప్ప పిల్లల్ని తల్లుల్ని ఎడబాపుతడు. అంచు మీద ఒక మనిషి నిలవడి నా పేరు పిలుస్తడు. టేపు మీద ఆ పిలుపు ఇనవడతదో ఇనవడదో జూస్త, అన్నడు. ఆ పిలిచే మనిషివి నువ్వే అన్నడు. నాకెంత గర్వమైందో జెప్పరాదు. గొంతుకని మిరియాల కషాయం తాగిన. గిరాకీ కోసం కుట్టిన కొత్తంగి ఏస్కున్న, టేపు మీద అంగి కనవడదని తెల్సి గూడ.

యూనిట్ జీపుల టేపు మిషన్ ఏస్కొని పోయినం. పట్టపగలు. దేవప్ప ముసలోడైపోయిండు, గని అదే గుంతల మందను పగటీలి పండవెడ్తుండె. ఇమాముద్దీన్ ఆయన కాళ్ళు మొక్కి అన్నీ జెప్పిండు, టేపు ఏందో, మైకు ఏందో. ముసలాయన అన్ని ఇన్నడు. ఇని, కట్టె మీద గదువ పెట్టి శానసేపు గొర్ల దిక్కు జూసిండు. తమ్మా, అన్నడు. ఆ దినం పానాల మీదికొచ్చింది గనుక తల్లినీ పిల్లనూ ఎడబాపిన, ఇయ్యాల ఎందుకు ఎడబాపుత, అన్నడు. జరసేపే తాతా, అన్నడు ఇమాముద్దీన్. అప్పుడు ముసలాయన ఒక మాటన్నడు. నేను ఇన్నేండ్లల్ల ఎంతోమంది మాటలు ఇన్న, మర్సిపోయిన. ఇది మరువలే.

“పిలుపు ఇనవడ్డదనుకో. నువ్వు సస్తవ్, ఇనవడ్డా నేను పోలే అని. ఇనవళ్ళేదనుకో. నేను సస్త, నా గొర్లే దాన్ని ముంచినయని. ఇద్దర్ల ఎవరు సావాల్నో గొర్లను అడుగుతవా తమ్మా?”

ఇమాముద్దీన్ గొర్ల నడ్మకెళ్ళి పోయి కొట్టం బండ మీద చెయ్యి పెట్టిండు. సరే, ఎడబాపకు తాత అన్నడు. గొర్లట్లనే పండుకొని ఉండనీ. ఈరన్నా, నువ్వు మాత్రం అంచు మీదికి పోయి ఒక్కసారి పిలువు, ఏ గోల లేకుంట ఆ పిలుపు ఎట్లుంటదో గదన్న ఇంట, అన్నడు. డబ్బాలు చెవులకు పెట్టుకొని బండ కింద దూరిండు. నేను పైకెక్కిన. అజమత్ నిలవడ్డ జాగ దేవప్ప కట్టెతోని సూపిచ్చిండు. ఆడ నిలవడి కిందికి జూస్తె ఏం కనవడ్తది అనుకున్నవ్? గొర్లు. ఉత్త గొర్లు. కొట్టం మూతి ఇటు దిక్కు లేనే లేదు. అండ్ల మనుషులున్నరని ఎవ్వనికీ తెల్వదు. పెద్ద గుంత, కదలకుంట గొర్లు, తల్లుల పక్కల పిల్లలు, నెమరేసుడు, గాలి. రెండు చేతులు నోటికి పెట్టుకున్న. నేను గిరాకీలను రోడ్డు ఆ దిక్కుకెళ్ళి పిల్సేటోన్ని, రైలెక్కినోన్ని గూడ పిల్సి దింపిన, నా గొంతు గసొంటిది. గని ఆడ నాకొక ఆలోచన ఒచ్చింది. నేను పిలుస్తె వాడు బయటికొస్తడు. పేరు వెట్టి పిలిచినంక రావాలెనని జెప్పి పోయిండు గదా నాయిన. వాడొచ్చి పైకి జూస్తె, నేను వాండ్ల నాయినను గాను. గది మెదుల్లకొచ్చినంక మిరియాల కషాయం ఏం జేస్తది. పిలుపు రాలే. దగ్గొచ్చింది. ఒక్కటే దగ్గు, చిన్నది. గుంత మొత్తం తిరిగి నా కాళ్ళకాడికే మల్ల ఒచ్చింది అది. ఇమాముద్దీన్ బయటికొచ్చిండు. ఆయన పైకి జూసిండు, నేను కిందికి జూసిన. టేపు చుట్టుకొని ఒచ్చినం.

దారిపొడుగుత ఆయనకు ఒక్కటే రంది, మద్రాసు ఆశ ఇడిసినట్టే అని. సౌండు సాబ్ అనంతగిరి బంగ్లాల ఉండె. ఇమాముద్దీన్ చేతులు కట్టుకొని, సాబ్, నా శబ్దం దొరకలే అన్నడట. నీ శబ్దం ఎవడడిగాడయ్యా అన్నడట సాబ్. అనుకుంట అనుకుంటనే డబ్బాలు చెవులకు పెట్టుకున్నడు, టేపు తిప్పిండు. అయిపోయినంక మల్ల మొదటికెళ్ళి తిప్పిండు. ఇదెక్కడిది అన్నడు. మా నాయిన నిలవడ్డ జాగ అన్నడు ఈయన. సాబ్‌కు ఏం సమజ్ అయిందో ఏమో, ఇంక అడగలే. నేనడిగింది ఇదేనయ్యా, నిశ్శబ్దం, ఖామోషీ, అన్నడు. ఏ సప్పుడు లేనప్పుడు గూడ జాగజాగకు ఒక సప్పుడుంటదట గదా, మీ కాలేజీల ఏమంటరు, రూమ్ టోనా, ఆ, గదే. మరి ఈ దగ్గెవరిది అన్నడట. మా దర్జీ ఈరన్నది సాబ్, కోసేస్త అన్నడు ఇమాముద్దీన్. వద్దు, ఉంచు, అన్నడు సాబ్. అది తీసేస్తే టెంట్లో జనం మిషను చెడిపోయిందని కేకలేస్తారు, ఎవరో ఉండీ మాట్లాడలేదని తెలిస్తేనే అది నిశ్శబ్దం, అన్నడట. నేను ఆడ లేను, ఇమాముద్దీన్ నోట్లకెళ్ళి ఇన్నది జెప్తున్న. సినిమా ఒచ్చినంక మన టూరింగ్ టాకీసుల జూసిన. ఆ ఆడామె రాతింట్ల కూసున్నది, మన తాండూరు గుంత ఇనవడుతున్నది, గాలి, నెమరు, ఇగ నా దగ్గొస్తదని నేను ఊపిరి బిగపట్టిన. ఒచ్చింది. టెంటుల అందరు ఎనకకు తిరిగి నన్ను జూసి, ఏయ్ ఈరన్నా జర దగ్గాపు అన్నరు. తెర మీది దగ్గుకు గూడ తిట్లు నాకే వడ్డయి.

తోల్కపోయిండు సాబ్, మాట నిలవెట్టుకున్నడు. మద్రాసు రైలు ఇటే తాండూరు మీదికెళ్ళి వాడీ దాంక పోయి మల్లుతది. ఆయన పెట్టెల కూసోలేదట, వాడీ దాటేదాంక తలుపు కాడనే నిలవడ్డడట. ఆడ మంచిగ పని నేర్సుకున్నడు. మనియార్డరొచ్చేది, రహీమాబీ ఖుర్షీద్ పెండ్లి జేసింది. రంజాన్‌కొచ్చినప్పుడల్ల నా దుకాణంల కూసునేటోడు. ఎవరన్నా ఎవరికోసమన్నా ఎదురుజూసే సీనొస్తె, ఏ సినిమా గానీ, అదే గుంత పెడ్త ఈరన్నా అనేటోడు. నా దగ్గు పెడ్తవా అంటె, నీది కోసి పక్కకు పెట్టిన, ప్రతి సినిమాల నువ్వే దగ్గితె జనం దవాఖానకు పొమ్మంటరు అనేటోడు. నవ్వుడు గూడ మద్రాసుల నేర్సుకున్నడు.

ఆఖరుసారి ఒచ్చినప్పుడు, అప్పటికే కండ్లు పచ్చగున్నయి, పసిర్కలు ముదిరినయి, నేనడిగిన. అడుగకుంట ఉంటె ఏమైపోతుండెనో గని అడిగిన. తమ్మీ, ఆ పిలుపు సంగతి తెల్సిందా అని. ఆడ మీ స్టూడియో అలమార్లల్ల గొర్రెపిల్లల సప్పుడు టేపులు ఉంటయి గదా, ఎవ్వరినీ ఎడబాపే పని లేకుంట ఒకదాని మీద ఇంకోటి కలపొచ్చు గదా అని. ఆయన బల్ల అంచు పట్టుకొని, మెల్లగ జెప్పిండు. కలిపిన ఈరన్నా. ఒకనాడు ఎవ్వరు లేనప్పుడు గొర్రెపిల్లల టేపు ఎక్కిచ్చిన, రాతి గోడల మోత కలిపిన. పిలుపు ఎవరిది పెట్టినవ్ అని నేనడిగిన. నాదే, అన్నడు. నేనే మైకు ముంగట నిలవడి ఇమాం అని పిల్సిన, ఇప్పుడు నా గొంతు అబ్బా గొంతు లెక్కనే అయిందని అమ్మీ అంటది, అన్నడు. మరి ఇనవడ్డదా అన్న.

“ఆడ చేతి కింద ఒక మీట ఉంటది ఈరన్నా. జర మీదికి అంటె ఇనవడ్డది. జర కిందికి అంటె ఇనవళ్ళే. ఎంత దాంక పెట్టాల్నో నాకు ఎవరు జెప్తరు?”

గంతే అన్నడు. ఆ మీట పట్టినట్టే బల్ల మీద చెయ్యి మీదికి, కిందికి అంటున్నడు. గది జూస్తుంటె నా సుద్ద, కొలత పట్టీ నాకు ఉత్త పనికిరానియి అనిపిచ్చినయి. ఆ ఏడే మద్రాసుల పాణం ఇడ్సిండు. ఆడనే మట్టి జేసిండ్రు. వాండ్ల నాయినకు లేని గోరీ ఆయనకన్న ఉన్నది, నువ్వు ఎప్పుడన్న పోతె జూసిరా. నాకొక్కటి అనిపిస్తది బిడ్డా, నేను జెప్పిన అర్థం తప్పని ఊరంత నవ్విండ్రు గని, ఆఖరుకు ఆయన పట్టుకొచ్చింది ఆయన శబ్దమే గదా. పోనీ, ఆ గొప్ప గూడ నాకొద్దు.

ఏంది? గిప్పుడా? ఈ అర్రది కావాల్నా? ఏం మాట్లాడకుంట జరసేపు ఊకె కూసోవాల్నా, ఈ గోడలది, ఆ ఫ్యానుది, నాది? నిశ్శబ్దం అన్నవ్ గదా, ఇయ్యాల మంచిగనే ఇన్న, శ కింద శ తోని సహ. మాట నేర్సుకున్న. గుండీ కాడ సక్కగున్నదా మైకు? కూసున్న. ఇగో, కూసున్న... ఒస్తనే ఉన్నది బిడ్డా దగ్గు. సప్పుడు జెయ్యకుంట కూసునుడు నాకింక రాలే.